సలమతు మేడం చెరపనివ్వని బోర్డు

మొన్న గురువారం సాయంత్రం అల్ ఖోబర్ బజారులో ఒక అత్తరు దుకాణం ముందు నిలబడి ఉన్నాను. మా ఆయన లోపల ఎవరికో కానుకగా ఇవ్వాలని సీసాలు ఒక్కొక్కటే తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాడు. ఈలోగా పక్క అంగట్లో ఎవరో ఒక రేకు డబ్బా మూత తీశారు. పొగచూరిన వాసన, వేయించిన చెనిక్కాయల వాసన, దాని వెనక కాస్త పాతబడ్డ నెయ్యి వాసన. అది షియా వెన్న. ఆఫ్రికాలో ఒక చెట్టు గింజల్ని వేయించి, నూరి, ఆడవాళ్ళు చేత్తో చిలికి తీసే వెన్న. చలికాలంలో చేతులకు రాసుకుంటారు. "సలమతు మేడం!" అని పైకే అనేశాను. అంగడివాడు తిరిగి చూశాడు. మా ఆయన సీసా పట్టుకుని బయటికి వచ్చి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు ఆ మాత్రం తెలిసింది.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవాళ్ళు కాదు. ఎత్తయిన మనిషి, వెడల్పాటి భుజాలు, నడక నిదానం, గొంతు మాత్రం ఆ చివర్నించి ఈ చివరికి వినపడేది. ఖోబర్‌లో నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో, ఆడపిల్లల విభాగంలో, ఫిజిక్సుకు ఆమే పెద్ద. ఊరు ఘనా దేశంలో ఉత్తరాన ఎక్కడో ఒక పల్లె. నాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, పెళ్ళి చేసుకుని, ధహ్రాన్‌లో ఎలక్ట్రికల్ పని చేసే మొగుడి వెంట వచ్చి, ఇంట్లో కూర్చోలేక ఆ స్కూల్లో చేరాను. మాది దూదేకుల ఇల్లు, ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. నా ఉర్దూ విని స్కూల్లో హైదరాబాదు వాళ్ళు నవ్వేవాళ్ళు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు నవ్వనిచ్చేదాన్ని కాదు. సలమతు మేడంతో నేను మాట్లాడింది ఇంగ్లీషులోనే. కానీ ఆమె మాటలు ఇప్పుడు గుర్తుకొస్తే నాకు తెలుగులోనే వినిపిస్తాయి. అలాగే రాస్తున్నాను.

చేరిన కొత్తలో ఎనిమిదో తరగతికి నేను పాఠం చెబుతుంటే ఆమె వెనక బెంచీలో కూర్చుంది. నీళ్ళలో కట్టె ఎందుకు తేలుతుంది, ఇనుము ఎందుకు మునుగుతుంది అన్న పాఠం. గడగడా చెప్పేశాను. బొమ్మలు బాగా వచ్చాయి, సూత్రం రాశాను, రెండు లెక్కలు చేశాను, బెల్లు కొట్టకముందే ముగించి బోర్డు శుభ్రంగా తుడిచేశాను. శభాష్ అంటుందనుకుని చూశాను. ఆమె లేచి నిలబడి, "ఎవరు తుడవమన్నారు?" అంది.

"పాఠం అయిపోయింది కదా, మేడం."

"ఎవరికి అయిపోయింది?"

పిల్లల ముందు అడిగిందని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ముందు వరసలో ఒక పిల్లను లేపి, ఇనుప పడవ ఎందుకు మునగదో చెప్పమంది. ఆ పిల్ల బోర్డు వంక చూసింది. బోర్డు మీద ఏముంది? తెల్లగా మెరుస్తోంది. ఇంకో పిల్లను లేపింది, అదీ అంతే. నన్ను ఒక్క మాట అనకుండా బయటికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం ల్యాబులో టీ కాచి ఇచ్చి, తన కథ చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఖురాన్ నేర్చుకోవడానికి పిల్లలకు చెక్కపలకలు ఇచ్చేవారట. కుండల మసిలో తుమ్మబంక కలిపి సిరా, జొన్న దంటు చెక్కితే కలం. మల్లం, అంటే ఖురాన్ చెప్పే అయ్యవారు, పలక మీద వాక్యాలు రాసి ఇస్తాడు. ఆ పిల్ల వాటిని తప్పు లేకుండా అప్పజెప్పిన రోజునే పలక కడగాలి. కడిగిన నీళ్ళు కూడా కాలికింద పడకూడదు, సొరకాయ బుర్రలో పట్టుకుని తాగుతారు. కడగడమంటే అక్కడ పండగ. ఒకరోజు తోటి ఆడపిల్లలందరూ షియా గింజలు ఏరడానికి పోతున్నారని, తనకు సగమే వచ్చినా వచ్చిందని చెప్పి పలక కడిగేసుకుని పరుగెత్తిందట. మర్నాడు మల్లం కొట్టలేదు. "నీది కానిదాన్ని కడిగేశావు. పోయి వెతికి తెచ్చుకో" అన్నాడట. ఇంటింటికీ తిరిగి, ఆ వాక్యాలు వచ్చినవాళ్ళను బతిమాలి, ఒక్కో ముక్కా చెప్పించుకుని తిరిగి నేర్చుకుంది. "ఆ వాక్యాలు ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మిగతావి అప్పుడప్పుడూ తడబడతాను" అని నవ్వింది.

అదీ సంగతి. తర్వాత ఆమె చదివిన ప్రభుత్వ ఇస్లామిక్ సెకండరీ స్కూల్లో ఆ పద్ధతిని నల్లబల్ల మీదకు తెచ్చినవాడు లెక్కల మాస్టారు. ఆయన క్రైస్తవుడు. ఊరి పిల్లల పలక ఆచారం చూసి ముచ్చటపడి, తన క్లాసులో కూడా ఆఖరి పిల్లకు అర్థమై, ఆ పిల్ల లేచి తన మాటల్లో చెప్పేదాకా బల్ల తుడవనిచ్చేవాడు కాదట. సలమతు మేడం ఆ నియమాన్ని సముద్రాలు దాటించి ఖోబర్‌కు తెచ్చింది. మా విభాగంలో అందరికీ అదే శాసనం.

తెచ్చింది సరే, పడేది మేము! బెల్లు కొడుతుంది, బోర్డు నిండా మా బాణాలూ బొమ్మలూ ఉంటాయి, తలుపు దగ్గర తర్వాతి పీరియడు టీచరు నిలబడి ఉంటుంది. ఆ టీచరు ఎక్కువగా ఫర్హానాయే, ఇంగ్లీషు చెప్పే హైదరాబాదు మనిషి. "అరే నూర్జహాన్, రోజూ గిదేం లొల్లి? మీ బోర్డు మీరు తుడుసుకోరు, మమ్మల్ని తుడువనియ్యరు. ఇది మీ మేడం ఇంటి గోడనా?" అని అరిచేది. నేను వెళ్ళి సలమతు మేడంతో మొరపెట్టుకున్నాను. ఆమె తాపీగా, "సగం బోర్డు నీది, సగం ఆమెది. మధ్యన గీత గియ్యి" అంది. గీశాను. ఫర్హానా ఆ గీత చూసి, "ఇండియా పాకిస్తాన్ చేసినవ్ కదమ్మా!" అని నెత్తి కొట్టుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనుషుల్ని చాలామందిని చూశాను. కానీ ఈమె దగ్గర ఆ మూడు కాళ్ళ కుందేలే చివరికి గెలిచేది. ఏడాది తిరిగేసరికి మా ఎనిమిదో తరగతిలో ఇనుప పడవ గురించి చెప్పలేని పిల్ల లేదు. ఫర్హానా కూడా ఒకరోజు వ్యాకరణం బోర్డు మీద అట్లాగే ఉంచి వెళ్ళిపోయింది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒక శుక్రవారం ఆమెను భోజనానికి పిలిచాను. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, బెండకాయ పులుసు చేశాను. సంగటి ముద్ద చూడగానే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఇది మాది!" అంది. వాళ్ళ ఊళ్ళో జొన్నపిండితో ఇట్లాగే ముద్ద చేసి బెండకాయ పులుసులో ముంచుకుని తింటారట. మా ఆయన మస్తాన్ మహా సంబరపడిపోయి ఇంకో ముద్ద వేశాడు. తింటూ తన స్కూలు గురించి చెప్పింది. పేరుకు ఇస్లామిక్ స్కూలే గానీ అది సర్కారు బడి. జీతాలు సర్కారువి, పరీక్షలు దేశమంతటికీ ఒకటే. పొద్దున్నే అసెంబ్లీలో ఖురాన్ చదువుతారు, ఆవరణలో మసీదు, దాని పక్కనే సైన్సు ల్యాబు. క్రైస్తవుల పిల్లలూ వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడపిల్లలు సైకిళ్ళ మీద, ఎర్రమట్టి కొట్టుకుని వస్తారు. "మసీదు లేకపోతే మా నాన్న నన్ను పంపేవాడు కాదు. సర్కారు లేకపోతే ల్యాబు ఉండేది కాదు. రెండూ ఒకే గోడ లోపల ఉండబట్టి నేను ఫిజిక్స్ చదివాను" అంది. ఆ మాట నా గుండెకు తగిలింది. నన్ను ప్రొద్దుటూరు కాలేజీకి బస్సులో పంపడానికి మా అమ్మ ఎంతమంది చేత ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు.

ఆ స్కూలు నుంచే మరుసటి ఏడాది ఫోను వచ్చింది. స్టాఫ్ రూములో మేమందరం ఉన్నాం. చేసినవాడు అక్కడి హెడ్మాస్టరు, ఖోబర్ రాకముందు ఆమెతో కలిసి పనిచేసినవాడు. ఫోను పెట్టేసింది. అడగ్గా అడగ్గా చెప్పింది. ఫిజిక్స్ మాస్టారు బదిలీ మీద పట్నం వెళ్ళిపోయాడు. ఆ పల్లెకు రావడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. కొత్త టర్ము మొదలయ్యేలోగా ఫిజిక్స్ చెప్పే మనిషి క్లాసులో లేకపోతే సైన్సు గ్రూపే ఎత్తేస్తామని పై అధికారులు చెప్పి వెళ్ళారు. మగపిల్లలైతే పట్నం హాస్టలుకి పోతారు. ఆడపిల్లల్ని తండ్రులు పంపరు. "నర్సులవ్వాలనుకునేవాళ్ళు, డాక్టర్లవ్వాలనుకునేవాళ్ళు ఉన్నారు. సైన్సు పోయిందంటే వాళ్ళు ఇక ఇంటికే" అంది.

మర్నాటి నుంచి ఫోనులో పాఠం మొదలుపెట్టింది. ఘనా ఖోబర్ కంటే మూడు గంటలు వెనక. మా బడి వదిలేసరికి అక్కడ ఇంకా ఉదయమే. ల్యాబులో బల్ల మీద ఫోను పెట్టి ఈమె అరుస్తుంది, అక్కడ బల్ల మీద ఫోను పెట్టుకుని వాళ్ళు వింటారు. ఈమె చెప్పినదాన్ని అక్కడ నల్లబల్ల మీద రాసే పిల్ల పేరు రహినాతు. దాని గొంతు కూడా మేడం గొంతంత గట్టిది. బొమ్మలు నేను గీసి ఫోటో తీసి పంపేదాన్ని. చివర్లో ప్రతి పిల్లా ఫోను దగ్గరకొచ్చి తనకు అర్థమైంది చెప్పాలి. కుదిరేదా? సగంలో లైను తెగేది. ఒకసారి ఒక పిల్ల విద్యుత్తు గురించి చెబుతూ చెబుతూ ఉండగా వాళ్ళ ఊళ్ళో విద్యుత్తే పోయింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఎవరికి అర్థమైందో, ఎవరు తలలు ఊపుతున్నారో నాకు కనబడటం లేదు నూర్. గుడ్డిదానిలా చెబుతున్నాను" అంది. ఆ వారమే అధికారులు హెడ్మాస్టరుకు కబురు పెట్టారు, ఫోనును టీచరుగా లెక్కించడం కుదరదని.

ఆమె ఇంక ఆలోచించలేదు. ప్రిన్సిపాల్‌ దగ్గరకు వెళ్ళి ఫైనల్ ఎగ్జిట్ అడిగింది, అంటే ఉద్యోగం వదిలేసి దేశం వెళ్ళిపోవడానికి అనుమతి. ప్రిన్సిపాల్‌ను మేమందరం ముదీరా అంటాం. సౌదీ మనిషి, చెడ్డది కాదు, కానీ మాటంటే మాటే. నన్ను కూడా వెంట తీసుకెళ్ళింది కాబట్టి నేను చెవులారా విన్నాను.

"సలమతూ, పన్నెండో తరగతికి పెద్ద పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు నువ్వెళ్ళిపోతే వాళ్ళ తల్లులకు నేనేం చెప్పను? అక్కడివాళ్ళే ఆడపిల్లలా, ఇక్కడి నా పిల్లలు ఆడపిల్లలు కారా?"

మేడం నన్ను చూపించి, "నా చోట నూర్ చెబుతుంది" అంది.

 ముదీరా నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈమె ఎనిమిదో తరగతి టీచరు."

"వచ్చే వారం మీరు కూర్చుని వినండి. పన్నెండో తరగతికి పాఠం చెబుతుంది. మీకు నచ్చకపోతే నేను ఏడాది చివరి దాకా ఉంటాను."

ఏడాది చివరి దాకా ఉండడమంటే అక్కడ సైన్సు గ్రూపు పోయినట్టే. ఆ సంగతి ముదీరాకూ తెలుసు. బయటికి రాగానే నేను మేడం మీద విరుచుకుపడ్డాను. "నన్నడగకుండా ఎట్లా చెప్తారు? నా వల్ల కాకపోతే ఆ పిల్లల గతి ఏంటి? అది నా నెత్తిన పెడతారా?" అన్నాను. "అవును, పెట్టాను. నువ్వు మొయ్యగలవు" అంది, అంతే. ఇంటికెళ్ళి మా ఆయన మీద కూడా అరిచాను. ఆయన మొదట, "ఏమ్మే, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? యాడో ఘనాలో బడికి నువ్వెందుకు ఇంత యాతన పడతాండావు?" అన్నాడు. నేను పళ్ళెం గట్టిగా పెట్టేసరికి తగ్గి, కాసేపటికి తనే అన్నాడు: "నచ్చకపోతే ఏమైతాది నీకు? ఎనిమిదో తరగతే చెప్పుకుంటావు. నచ్చిందనుకో, ఆ పిల్లోళ్ళకు ఒక టీచరమ్మ దొరుకుతాది. పోయి చెప్పు." ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. ఆ రోజు దాకా ఉన్నది భయమే.

ఆ వారమంతా బడి వదిలాక ఖాళీ ల్యాబులో నేను టీచరును, ఆమె శిష్యురాలు. పాఠం లిఫ్టులో మనిషి బరువు. లిఫ్టు పైకి కదిలేటప్పుడు మనం బరువెక్కినట్టుంటుంది, ఆగబోయేటప్పుడు తేలికైనట్టుంటుంది, మధ్యలో సమవేగంతో పోతున్నప్పుడు మామూలుగానే ఉంటుంది. ఎందుకు? నేను బొమ్మ గీసి, బాణాలు పెట్టి, సూత్రం రాసి చెప్పాను.

"అర్థం కాలేదు" అంది వెనక బెంచీలోంచి.

మళ్ళీ చెప్పాను.

"మా ఊళ్ళో లిఫ్టు లేదు. ఇంకోలా చెప్పు."

ఇంకోలా చెప్పాను. మళ్ళీ అదే మాట. చివరికి నాకు చిర్రెత్తింది. "మీకు తెలీదా? కావాలని నన్ను ఏడిపిస్తున్నారు!" అని మార్కరు బల్ల మీద విసిరేశాను. ఆమె లేచి ఆ మార్కరు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు తెలుసు. రహినాతుకు తెలీదు. ఆ పిల్ల ఇక్కడ కూర్చుంది, కోప్పడకుండా చెప్పు" అంది. ఏడుపు వచ్చింది నాకు. ఏడుస్తూనే మా అవ్వగారింట్లో చేదబావి చెప్పాను. నీళ్ళు నిండిన చేదను ఒక్క ఊపున లాగితే తాడు అరచెయ్యి కోస్తుంది, ఒకసారి కదిలి నిలకడగా పైకి వస్తున్నప్పుడు అంత లాగదు, గట్టు దగ్గర నిదానించేటప్పుడు ఇంకా తేలిక. చేద మాత్రం అదే చేద, నీళ్ళు అవే నీళ్ళు. మేడం అరచెయ్యి తెరిచి చూసుకుంది, ఆమె కూడా చిన్నప్పుడు తోడిన మనిషే కదా. "ఇది అర్థమైంది" అంది.

ఆ రోజు రానే వచ్చింది. పన్నెండో తరగతి నిండుగా ఉంది. ముదీరా వెనక గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. మేడం రాలేదు, వస్తే నేను ఆమె మొహమే చూస్తానని. బాగానే మొదలుపెట్టాను. ఒకరిద్దరు చక్కగా జవాబులు చెప్పారు, ముదీరా తల ఊపింది. పీరియడు అయిపోవస్తోంది. అప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న రీమ్ అనే పిల్ల చెయ్యెత్తింది. "మిస్, నాకు అర్థం కాలేదు. పైకి పోతూనే ఉంది కదా, మరి మధ్యలో బరువు ఎందుకు పెరగదు?" అంతలో బెల్లు కొట్టింది.

ఆ స్కూల్లో ముదీరాకు టైమంటే ప్రాణం. బెల్లు కొట్టాక క్లాసు సాగదీసే టీచర్లంటే ఆమెకు గిట్టదని అందరికీ తెలుసు. తలుపు దగ్గర ఫర్హానా నిలబడింది. రేపు చెబుతానమ్మా అని రీమ్‌ను కూర్చోబెట్టి, బోర్డు తుడిచి, సలాం చెప్పి బయటపడితే పాఠం బాగానే జరిగినట్టు. అదే మంచిదని నాలోపల ఒక గొంతు గట్టిగా చెప్పింది. కానీ ఆ పిల్ల మొహం చూశాను. అర్థం కాని పిల్లను అక్కడ వదిలేసి నేను గెలిస్తే, ఆ గెలుపు ఎవరి కోసం? "కూర్చోవద్దు, ఇట్లా రా" అన్నాను. ముదీరా లేచింది. నా పక్కనుంచే నడిచి, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. అయిపోయిందనుకున్నాను.  ఫర్హానా లోపలికొచ్చింది. అరుస్తుందేమోనని చూశాను. ముదీరా ఖాళీ చేసిన కుర్చీలో కూలబడి, "నన్నేం చూస్తవ్? పోరికి చెప్పు. నేను కూర్చుంటా" అంది.

ఖోబర్ పిల్లకు చేదబావి ఏం తెలుస్తుంది? రీమ్ సంచీలో పుస్తకాలన్నీ కుక్కి, పట్టీ ఆమె చేతికిచ్చాను. కళ్ళు మూసుకుని నిదానంగా పట్టుకోమన్నాను. "ఇప్పుడు ఒక్కసారిగా పైకి లేపు." లేపింది. "ఎప్పుడు బరువనిపించింది?" "మొదట్లో." "మళ్ళీ లేపు, ఈసారి కదిలాక ఒకే వేగంతో పోనీ." లేపింది, దించింది, మళ్ళీ లేపింది.  అంతలో కళ్ళు తెరిచి, "మిస్! కదిలించడానికి బరువు. కదిలాక మామూలే. వేగం మారేటప్పుడే తేడా!" అని అరిచింది. ఆ పిల్ల చేత బోర్డు దగ్గర మొత్తం చెప్పించి, తుడిచే పని కూడా ఆమెకే ఇచ్చాను. ఫర్హానా పీరియడు సగం తినేశాను, పాపం.

ముదీరా పిలిపించింది. వెళ్ళేసరికి సలమతు మేడం అప్పటికే అక్కడ నిలబడి ఉంది. నేను తల వంచుకున్నాను. ముదీరా నన్ను కాదు, ఆమెను చూస్తూ మాట్లాడింది. "బెల్లు కొట్టినా వదలని ఈ రోగం నీకొక్కదానికే అనుకున్నాను సలమతూ. ఈమెకూ అంటించావు. ఒక్క స్కూల్లో ఇట్లాంటివాళ్ళు ఇద్దరుంటే నా టైంటేబుల్ ఏం కావాలి? నువ్వు మీ ఊరు వెళ్ళు." అని కాగితం మీద సంతకం చేసింది.  వరండాలోకి వచ్చాక మేడం నన్ను ఎముకలు విరిగేట్టు వాటేసుకుంది. షియా వెన్న వాసన, చెమట వాసన, నా ఏడుపు. వెళ్ళే రోజు పెద్ద మాటలేమీ చెప్పలేదు. "పన్నెండో తరగతి నీది. నాకు ఫోను చేసి అడగొద్దు, నువ్వే తేల్చుకో" అంది.

టర్ము మొదలయ్యేలోగా ఆమె ఆ పల్లెలో క్లాసులో ఉంది. సైన్సు గ్రూపు నిలబడింది. ఆ తర్వాత ఏళ్ళలో ఫోనులో అప్పుడప్పుడూ విన్నాను. ఫలానా పిల్ల నర్సింగులో చేరింది, ఫలానా పిల్ల తండ్రి కూతుర్ని మాన్పిస్తానంటే మేడం అతని పొలానికే వెళ్ళి తగువులాడి వచ్చింది. రహినాతు ట్రైనింగు కాలేజీలో చదివి, తిరిగి అదే స్కూలుకు సైన్సు టీచరుగా వచ్చింది. "నా పక్కన ఇంకొకతె ఉంది ఇప్పుడు" అని మేడం గర్వంగా చెప్పింది. తన జబ్బు సంగతి మాత్రం చెప్పలేదు. అది కూడా రహినాతే చెప్పింది, దాచమన్న మనిషి ఊళ్ళో లేనప్పుడు.

నిరుడు ఒకరోజు, నేను బడిలో ఉండగా, రహినాతు ఫోను చేసింది. ఆ గట్టి గొంతు ఆ రోజు మెల్లగా ఉంది. తెల్లవారుజామున ఫజర్ నమాజు వేళకు మేడం పోయిందని చెప్పింది. ఇన్నా లిల్లాహి అన్నాను. స్టాఫ్ రూములో గోడకానుకుని కూర్చుండిపోయాను. జనాజా నమాజు, ఖననం ఎప్పుడని అడిగాను. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత అంది. వాళ్ళ దగ్గర అప్పటికి ఇంకా పొద్దున్నే. పిల్లలందరూ ఇంటి దగ్గరే ఉన్నారా, బడికి సెలవిచ్చారా అని ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"హెడ్మాస్టరు సెలవిస్తానన్నారు, మిస్. నేనే వద్దన్నాను. మొదటి పీరియడు ఫిజిక్స్ ఉంది. చెప్పేసి వచ్చాను. ఇప్పుడు అందరం కలిసి మేడం ఇంటికి పోతున్నాం" అంది.

"అందరికీ అర్థమైందా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలీదు.

"అయింది మిస్. ఏడుస్తూనే చెప్పారు, కానీ అందరూ చెప్పారు."

ఒక మనిషి పోయినా పాఠం ఆగని చోటు ఒకటి ఈ లోకంలో ఉందని, దాన్ని నిలబెట్టడానికి నేనూ ఒక పిడికెడు మట్టి వేశానని ఆ క్షణాన నాకు తెలిసింది. నాకు ఆస్తి అంటే అదే, ఎవరూ తీసుకోలేరు. ఫర్హానా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికి పో నూర్, నీ క్లాసు నేను చూస్కుంట" అంది. వద్దన్నాను. మొహం కడుక్కుని పన్నెండో తరగతికి వెళ్ళాను.